భీమిలి లైట్‌హౌస్‌కు మా పిల్లలను పంపండి: నవీపేట్ తల్లిదండ్రుల వినతిపత్రం

గౌరవనీయులైన నిజామాబాద్ జిల్లా కలెక్టర్ గారికి, జిల్లా విద్యాశాఖాధికారి గారికి,

నవీపేట్ మండల ప్రభుత్వ ఉన్నత పాఠశాలల విద్యార్థుల తల్లిదండ్రులు, పసుపు రైతులు నమస్కరించి చేసుకునే విన్నపం.

విషయం: భీమునిపట్నం (భీమిలి) పాత లైట్‌హౌస్ సందర్శనకు పదో తరగతి పిల్లలను ఏటా పంపే ఏర్పాటు గురించి.

మా పొలిమేరను ఒరుసుకుంటూ పోయే గోదావరిని పిల్లలు యంచ దగ్గర చూస్తూనే పెరుగుతారు. అది కలిసే సముద్రాన్ని చూసినవారు మాత్రం బహు తక్కువ. మన రాష్ట్రానికి తీరమే లేదు. మేం పండించిన పసుపు ఓడలెక్కి దేశాలు దాటుతుంది. ఆ ఓడకు రాత్రిపూట దారి ఎవరు చూపుతారని పిల్లలు అడిగితే మేం నోటిమాటగా చెప్పగలమే తప్ప చూపించలేం.

భీమిలినే కోరడానికి కారణం ఉంది. గోస్తనీ నది కడలిలో కలిసే ఆ ఊళ్లో డచ్చివారు 17వ శతాబ్దంలోనే వర్తకం సాగించారు. తర్వాత అది ఇంగ్లీషువారి చేతికి వచ్చి, 1861 నాటికే పురపాలక సంఘమైంది. ఓడలు దూరాన లంగరు వేస్తే సరుకును పడవల మీద చేరవేసేవారు. అలాంటి రేవుకు గట్టు మీది దీపమే ఆధారం. 1933లో విశాఖ హార్బరు తెరుచుకున్నాక భీమిలి వర్తకం విశాఖకు తరలిపోయింది. రేవులకూ మార్కెట్ ఊళ్లకూ దశ ఎలా తిరుగుతుందో పసుపు ధర మీద బతికే ఇళ్ల పిల్లలు ఇట్టే గ్రహిస్తారు.

పాఠం సంగతీ అంతే. వక్రీభవనం, కటకాలు వాళ్లు బోర్డు మీద గీసుకుని నేర్చుకుంటున్నారు. ఒకే మందపాటి కటకానికి బదులు గాజు వలయాలు పేర్చి, చిన్న దీపపు వెలుగును మైళ్ల దూరం పంపే ఫ్రెనెల్ పద్ధతి 1823లో ఫ్రాన్స్‌లోని కార్డువాన్ లైట్‌హౌస్‌లో మొదలైంది. లైట్‌హౌస్ కింద నిలబడి వింటే ఆ పాఠం జన్మలో మరిచిపోరు.

1927 నాటి లైట్‌హౌస్ చట్టం స్థానంలో వచ్చిన 2021 చట్టం, వారసత్వ లైట్‌హౌస్‌లను పర్యాటకంతోపాటు విద్య, సంస్కృతి కోసం కూడా అభివృద్ధి చేయాలంటోంది. ఆ విద్య తీరప్రాంతం పిల్లలకే పరిమితం కాకూడదు. అందుచేత సంబంధిత అధికారులకు తమరే లేఖ రాసి, బడి పిల్లల బృందాలకు ముందస్తు అనుమతి, తెలుగులో వివరించే మనిషి, తెలుగు ఫలకాలు ఉండేలా చూడాలి. మెట్లెక్కడం క్షేమం కాదని అక్కడివారు అంటే పట్టుబట్టం. కింది నుంచే చూపించినా చాలు.

నాందేడ్–విశాఖ ఎక్స్‌ప్రెస్ నిజామాబాద్‌లో ఆగుతుంది. గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల అధ్యయన యాత్రకు ఏడాదికొకసారి సెకండ్ క్లాసులో 75 శాతం రాయితీ రైల్వే నిబంధనల్లోనే ఉంది. ఆ రాయితీ పత్రాలు సకాలంలో ఇప్పించి, మిగతా ఖర్చు, బస జిల్లా నిధుల నుంచి భరించాలి. ఆడపిల్లలు వెనకబడకుండా ప్రతి బృందం వెంట మహిళా ఉపాధ్యాయులు ఉండాలి. వాళ్లు రారంటే మా ఇళ్లలో చాలామంది ఆడపిల్లలను పంపరు.

యాత్ర డిసెంబరులోనే పెట్టించమని మరీ మరీ వేడుకుంటున్నాం. అప్పటికి తుపానుల ఉధృతి తగ్గుతుంది. సంక్రాంతి దాటితే పసుపు తవ్వకం, ఉడకబెట్టడం మొదలై ఇంటిల్లిపాదీ కళ్లంలోనే ఉంటాం. ఈ డిసెంబరుకే తొలి బృందం బయలుదేరేలా ఉత్తర్వులు ఇప్పించగలరు.

ఇట్లు,
నవీపేట్ మండల విద్యార్థుల తల్లిదండ్రులు, పసుపు రైతులు