ఎవరి ఖర్చుకు నిలకడ లేదు?

"నీ వంటింటి ఖర్చుకు నిలకడే లేదు. ఒక నెల ఉన్నట్టు ఇంకో నెల ఉండది." మా ఇంట్లో ప్రతి ఒకటో తారీఖునా వినిపించే మాట ఇది. ఇన్నేళ్లూ విని ఊరుకున్నాను. పోయిన నెల ఊరుకోలేదు. దానికి కారణం మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం లెక్కల పుస్తకం.

అందులో విస్తరణ కొలతలని ఒక పాఠం ఉంది. పద్దుల పుస్తకం తెచ్చి, ఏడాది ఖర్చును ఆ పాఠం ప్రకారం లెక్క వేయమన్నాను. కిరాణా, కూరగాయలు, పాలు కలిపి నెలకు సగటున 6,000 రూపాయలు. ఆ సగటుకు అటూ ఇటూ ఊగిసలాట, అంటే ప్రామాణిక విచలనం, 600. మా ఆయన బండి పెట్రోలు సగటు 2,000, ఊగిసలాట 400.

"చూసినవా, నీదే ఎక్కువ" అన్నారాయన.

"అట్ల పోల్చొద్దు డాడీ" అంది పిల్ల. సగటు పెద్దదైతే ఊగిసలాట కూడా పెద్దగానే కనిపిస్తుందట. అందుకే దాన్ని సగటుతో భాగించి నూరుతో గుణించాలి. అదే విచలన గుణకం. నాది 10 శాతం, ఆయనది 20 శాతం!

1896లో ఈ కొలతకు పేరు పెట్టింది ఇంగ్లండ్ గణాంక శాస్త్రవేత్త కార్ల్ పియర్సన్. ఆడవాళ్లంతా ఒకే మూసలో ఉంటారు, వైవిధ్యమంతా మగవాళ్లదే, అందుకే మేధావులు వాళ్లలోనే పుడతారని అప్పట్లో చదువుకున్న పెద్దలే వాదించేవారు. మగవాళ్ల శరీర కొలతల సగటే పెద్దది, తేడాలను సగటుతో భాగించి పోల్చాలి అన్నారు పియర్సన్. అలా లెక్కగట్టి, మగవాళ్లలోనే వైవిధ్యం ఎక్కువనడానికి ఆధారం లేదని 1897లో తేల్చారు.

నాకు నవ్వొచ్చింది. హెచ్చుతగ్గులు మగవాళ్లవైతే మేధస్సు, మనవైతే నిలకడలేమి!

నిజమే, ఈ గుణకం ఖర్చు ఎక్కువో తక్కువో చెప్పదు, నిలకడ సంగతే చెబుతుంది. అయినా మా కోటగిరిలో నాట్ల నెల వస్తుంది, పండుగ వస్తుంది, చుట్టాలొస్తారు. వచ్చినవాళ్లకు అన్నం పెట్టకుండా ఏ ఇల్లాలు అంకెను నిలబెడుతుంది? పది మంది తినే వంటింటిని ఒక్క బండితో పోల్చేటప్పుడు, ఇద్దరు పిల్లల మార్కులనో ఇద్దరు కోడళ్ల ఖర్చునో పక్కపక్కన పెట్టేటప్పుడు, ముందు ఎవరి సగటు ఎంతో చూడాలి. మాట అనడం ఆ తర్వాత.

ఈ ఒకటో తారీఖున ఆయన పద్దుల పుస్తకం అడగలేదు. పెట్రోలు లెక్క నేనే అడిగాను.