కోడలు డాక్టరైతే చాలా, సర్జన్ కాకూడదా?

మా ఇళ్ళల్లో పురుడుకి లేడీ డాక్టరే కావాలి. స్కానింగుకి పోయినా ‘లోపల ఉండేది ఆడ డాక్టరేనా’ అని అడిగిగానీ గడప దాటం. మరి ఆ లేడీ డాక్టర్ ఎవరింట్లోంచి రావాలి? ఎవరి కోడలు రాత్రి రెండు గంటలకు లేచి ఆపరేషన్ థియేటర్‌కి పోవాలి? ఇక్కడే మా నోళ్ళు మూతపడతాయి.

చిత్తూరు నుంచి వేలూరు ఎంతో దూరం లేదు. జబ్బు ముదిరితే మేం సీఎంసీకే పరుగెత్తుతాం. ఆ ఆస్పత్రి వెనక ఒక రాత్రి కథ ఉంది. 1890ల్లో తిండివనంలో అయిడా స్కడర్ అనే అమెరికన్ అమ్మాయి ఇంటికి ఒకే రాత్రి ముగ్గురు మగాళ్ళు వచ్చారు. ముగ్గురి భార్యలూ కాన్పు కష్టమై చావుబతుకుల్లో ఉన్నారు. ఆమె తండ్రి డాక్టరే. కానీ పరాయి మగాడు ముట్టుకోకూడదని ముగ్గురూ వెనక్కి పోయారు. తెల్లారేసరికి ఆ ముగ్గురు ఆడవాళ్ళూ లేరు. ఆ మగాళ్ళలో ఒకడు బ్రాహ్మణుడు. ఒకడు ముసల్మాను, మావాడే. అయిడా పోయి డాక్టరీ చదివి తిరిగొచ్చింది. 1918లో వేలూరులో ఆడవాళ్ళకే మెడికల్ స్కూలు పెట్టింది. ఆమె పెళ్ళి మాత్రం చేసుకోలేదు. వందేళ్ళు దాటాక కూడా మా బిడ్డలకు అదే షరతా? వైద్యమో, సంసారమో, ఏదో ఒకటేనా?

సీట్లు లేవని ఇప్పుడు అనలేం. తిరుపతిలో 2014లో ఆడపిల్లలకే పద్మావతి మెడికల్ కాలేజీ వచ్చింది. మాలోని వెనకబడినవాళ్ళకు 2007 చట్టంతో 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. పిల్ల సీటు తెచ్చుకుంటే మొహల్లా అంతా మిఠాయిలు పంచుతాం. ఆ తర్వాత? ఎంబీబీఎస్ ఐదున్నరేళ్ళు, పీజీ మూడేళ్ళు, సూపర్ స్పెషాలిటీ ఇంకో మూడేళ్ళు. పద్దెనిమిదేళ్ళకు లోపలికి పోయిన పిల్ల ముప్పైకి బయటికొస్తుంది. నిఖా, కాన్పు, చంటిబిడ్డ, అన్నీ ఆ ఏళ్ళలోనే. అప్పుడు పెద్దలంటారు: ‘ఎంబీబీఎస్ చాలు బేటీ. కావాలంటే గైనిక్ చెయ్. గుండె, మెదడు మగాళ్ళు చూసుకుంటారు.’ సంబంధం కుదిరేటప్పుడు డాక్టర్ కోడలు ఖాందాన్‌కి ఇజ్జత్. నైట్ డ్యూటీ పడితే అదే ఇజ్జత్‌కి మచ్చ!

బయటివాళ్ళు వెంటనే ‘మీ మతమే అంత’ అంటారు. మా ఇంటి తప్పు మేం దాచం. కానీ ఆస్పత్రి డ్యూటీ చార్టు ఏ మౌల్వీ రాశాడు? రెసిడెంట్ డాక్టర్లకు రోజుకి 12 గంటలు మించకూడదని కేంద్రం 1992లోనే చెప్పింది. ఏ వార్డులో అమలవుతోంది? యాభైమంది పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే గది ఉండాలని 2017లోనే చట్టం చెప్పింది. రాత్రి డ్యూటీ తల్లికి రాత్రిపూట తెరిచి ఉండే గది ఎన్ని ఆస్పత్రుల్లో ఉంది? 2024 ఆగస్టులో కలకత్తా ఆర్జీకర్ ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేస్తూ సెమినార్ హాల్లో నడుం వాల్చిన డాక్టరమ్మను చెరిచి చంపేశారు. ఇది బురఖా వల్ల వచ్చిన కష్టమా? పద్మకూ, మేరీకీ, ఫాతిమాకూ ఒకటే కష్టం. ఫాతిమాకు దాని మీద ఒక నింద అదనం.

మేం దయ అడగడం లేదు. బ్రిటన్‌లో బిడ్డ తల్లులు తక్కువ గంటలు పనిచేస్తూ, ఎక్కువ ఏళ్ళు తీసుకుని స్పెషలిస్టులవుతున్నారు. ఆ ఏర్పాటు ఇక్కడా కావాలి. తాళం పడే డ్యూటీ గది కావాలి. కాన్పు తర్వాత తిరిగొచ్చిన మనిషికి అదే థియేటర్లో, అదే కత్తి చేతికివ్వాలి.

ఇక మా పెద్దలకు ఒక మాట. నిఖా ఒక ఒప్పందం. అందులో షరతు రాయించుకునే హక్కు పెళ్ళికూతురికి ఉంది. మెహర్ రాసే కాగితం మీదే ‘ఈమె పీజీ చదువు ఆగదు, నైట్ డ్యూటీ రోజు బిడ్డను తండ్రి చూసుకుంటాడు’ అని రాయండి. సర్కారు జీవో కోసం ఆగక్కర్లేదు, ఈ శుక్రవారమే మొదలుపెట్టొచ్చు. అది కూడా చేతకాకపోతే, ఆస్పత్రి గడప దగ్గర ‘లోపల లేడీ డాక్టరేనా’ అని అడగడం మానేద్దాం.