ఈదీ కాదు సేఠ్ సాబ్, మజ్దూరీ!

చాంద్ రాత్ అంటే మనకి ఖుషీ. గాజులు, మెహందీ, అత్తర్, ఆఖరి నిమిషంలో గుర్తొచ్చే పిల్లాడి టోపీ. పోయిన చాంద్ రాత్‌కి నేను కూడా బిడ్డ దుపట్టా కోసం రాత్రి రెండింటికి పత్తర్‌గట్టిలో నిలబడ్డాను. కౌంటర్ వెనక పిల్లగాడికి ఇరవయ్యేళ్లు ఉండవు. ముప్పై దుపట్టాలు విప్పి చూపించాడు. మా బేగం రంగు బాగాలేదంటే మారు మాట్లాడకుండా మడత పెట్టాడు.

"ఇంటికెప్పుడు పోతవ్ బేటా?" అన్నాను.

"ఫజర్ అయినంక చిచ్చా. ఈద్ నమాజ్‌కి లేస్తనో లేదో" అని నవ్వాడు.

"ఎక్కువ గంటలకి పైసలిస్తడా సేఠ్?"

"ఈదీ ఇస్తడు చిచ్చా."

పాతికేళ్ల కింద ఈ జవాబే నేను మా ఇంట్లో చెప్పాను. ఇంటర్ అయిపోయి ఓ బట్టల షాపులో చేరిన రోజులు. రంజాన్ నెలంతా థాన్‌లు మోసి మోసి కాళ్లు వాచిపోయేవి. తరావీహ్ ఒక్కరోజు కూడా పూర్తిగా చదవలేకపోయాను. ఈద్ ముందు రోజు సేఠ్ ఒక లిఫాఫా చేతిలో పెట్టి, "జకాత్ పైసలు, నీకే ఇస్తున్నా, దువా చెయ్" అన్నాడు. ఇంటికి తెచ్చి అబ్బాకి ఇస్తే ఆయన తెరిచి కూడా చూడలేదు.

"నువ్వు చేసిన పనికి మజ్దూరీ ఏది?" అన్నాడు.

"ఇదే అబ్బా."

"ఇది ఆయన అల్లాహ్‌కి ఉన్న బాకీ. నీకున్న బాకీ వేరే. ఒక్క పైసతో రెండు బాకీలు తీరవు బేటా."

మా అబ్బా మద్రసాలో చదవలేదు. రిక్షా తొక్కేవాడు. కానీ మస్‌లా సరిగ్గా చెప్పాడు. ఏ ఆలిమ్‌ని అడిగినా అదే చెప్తారు. గరీబ్ నౌకర్‌కి జకాత్ ఇవ్వొచ్చు, కానీ చేయించుకున్న పనికి ఉజ్రత్ కింద దాన్ని జమకట్టకూడదు. మజ్దూర్ చెమట గురించిన హదీసు మనలో వినని వాళ్లు లేరు. దాన్ని గల్లా పెట్టె దాకా తీసుకెళ్లేవాళ్లే తక్కువ.

దీన్ సంగతి సరే, దునియా కానూన్ ఏమంటోంది? దుకాణాల చట్టం 1988 నుంచీ ఉంది. రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు పని. అంతకు మించి చేయిస్తే ఆ గంటలకి రెట్టింపు మజ్దూరీ. పండగ సెలవులకి 1974 చట్టం ఉంది. సెలవు రోజున పని చేయిస్తే రెట్టింపు ఇవ్వాలి, లేదా ఆ రోజు కూలి ఇచ్చి బదులుగా ఇంకో రోజు జీతంతో సెలవు ఇవ్వాలి. 2025 రంజాన్‌లో మార్చి 2 నుంచి 31 దాకా 24 గంటలూ దుకాణాలు తెరుచుకోమని తెలంగాణ సర్కార్ ఇజాజత్ ఇచ్చింది. ఆ ఉత్తర్వులో కూడా రెట్టింపు మజ్దూరీ షరతు ఉంది. ఇజాజత్ సంగతి అందరికీ తెలిసింది. షరతు సంగతి ఎంతమంది సేఠ్‌లు తమ పిల్లగాళ్లకి చెప్పారు?

హిసాబ్ చేద్దాం రండి. నెలకి 12,000 జీతమనుకోండి. రోజుకి 400, గంటకి 50. రంజాన్‌లో పగలు పన్నెండుకి షట్టర్ ఎత్తితే రాత్రి రెండున్నరకి దించుతారు. ఇఫ్తార్‌కి, నమాజ్‌లకి గంటన్నర తీసేసినా 13 గంటల పని. అంటే రోజూ 5 గంటలు ఎక్కువ. గంటకి 100 చొప్పున రోజుకి 500. నాలుగు వారపు సెలవులు నిజంగానే ఇచ్చారనుకుని 26 రోజులే లెక్కేసినా 13,000. అసలు జీతం కంటే ఎక్కువ! దాని బదులు రెండు వేల లిఫాఫా ఇచ్చి, పైగా దువా కూడా చెయ్యమంటున్నాం.

"సీజన్ ఒక్క నెలే భాయ్, మిగతా పదకొండు నెలలు ఈగలు తోలుకుంటాం" అంటారు సేఠ్‌లు. సహీ బాత్. కానీ ఆ ఒక్క నెల లాభం ఎక్కడి నుంచి వచ్చింది? ఆ పిల్లల అదనపు గంటల నుంచే కదా. ఎక్కువ గంటలు లైట్లు వెలిగితే ఎక్కువ కరెంటు బిల్లు కడతారు. ఎక్కువ సరుకు తెస్తే ఎక్కువ కిరాయి కడతారు. అక్కడ లేని "మనోళ్లే కదా" అనే మాట మజ్దూర్ దగ్గరే ఎందుకొస్తుంది? మనోళ్లయితే ఇంకా ముందు ఇవ్వాలి.

ఇది ఒక్క రంజాన్ గొడవ కూడా కాదు. దసరా, దీపావళి సీజన్‌లో పెద్ద పెద్ద బట్టల దుకాణాల్లో మన ఆడపిల్లలు రాత్రిదాకా నిలబడుతున్నారు. మన చాంద్ రాత్‌లో హిందూ పిల్లలు మనకి షేర్వాణీలు చూపిస్తున్నారు. వాళ్ల సేఠ్ మన పిల్లకి ఎంత బాకీయో, మన సేఠ్ వాళ్ల పిల్లాడికీ అంతే బాకీ. అక్కడ హక్ అని అరిచి ఇక్కడ ఈదీ అని సర్దుకుంటే ఆ మాటకి ఇజ్జత్ ఉండదు.

పిల్లలూ, ఏ రోజు ఎన్నింటికి వచ్చారో, ఎన్నింటికి పోయారో చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి. సేఠ్ వినకపోతే అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ ఉన్నాడు. ఒక్కరే పోకండి, నలుగురు కలిసి పోండి. మస్జిద్ కమిటీ పెద్దలారా, ఫిత్రా ఎంతో ప్రతి ఏడూ ఏలాన్ చేస్తారు. అదే మైకులో రెట్టింపు మజ్దూరీ గురించి కూడా ఒక్క మాట చెప్పండి. ఇక రాత్రి రెండింటికి దుపట్టా బేరమాడే నాలాంటి వాళ్లం, కనీసం పదిరోజుల ముందు పగటిపూట వెళ్దాం.

ఆ రాత్రి నేనేం చేశానో కూడా చెప్పాలి. దుపట్టా మీద యాభై తగ్గించమని బేరమాడాను. తగ్గించారు. ఆ పిల్లగాడి ఒక గంట జీతం అది.

సేఠ్ సాబ్, ఈదీ ఇవ్వండి, వద్దనం. ముందు హిసాబ్ చేసి మజ్దూరీ ఇవ్వండి. ఆ తర్వాత మీరు అడక్కపోయినా దువా చేస్తారు.