డబ్బా మనదే, తాళం ఎవరిది?

"యాభై వేలకి ప్లేస్టేషన్ వస్తుంటే లక్ష పోసి పీసీ ఎవడు కొంటాడ్రా?" ఏ ఆఫీసు క్యాంటీన్లో విన్నా ఇదే వాదన. హార్డ్‌వేర్ వరకూ చూస్తే కాదనలేం. 2021 ఫిబ్రవరిలో పీఎస్5 మన దేశానికొచ్చినప్పుడు డిస్క్ మోడల్ 49,990 రూపాయలు. ఎనిమిది కోర్ల ప్రాసెసరు, పది టెరాఫ్లాప్స్ దాటిన గ్రాఫిక్స్, 16 జీబీ మెమరీ. ఆ డబ్బుకి అలాంటి పీసీ కట్టడం అప్పట్లో (గ్రాఫిక్స్ కార్డులు బ్లాకులో సినిమా టిక్కెట్లలా అమ్ముడుపోయిన రోజులవి) ఎవరి తరమూ కాదు. ఒప్పుకున్నా.

మరి అంత తక్కువకి ఎందుకిస్తున్నాడో అడగరేం? ప్రింటరు చవగ్గా ఇచ్చి ఇంకు దగ్గర పిండుకునే వ్యాపారం మనకి తెలీనిదా! అప్పుడు కొత్త పెద్ద గేము 4,999. అలాంటివి పది కొంటే ఎంతో తెలుసా? సరిగ్గా 49,990. అంటే ఇంకో పీఎస్5 :) కొన్న గేముని నలుగురితో ఆన్‌లైన్లో ఆడాలంటే చాలా వాటికి మళ్ళీ చందా. పోనీ పాతబడేకొద్దీ డబ్బా రేటు తగ్గిందా? 2022 నవంబరులో 54,990 చేశారు.

డబ్బు సంగతి అలా ఉంచండి. సాఫ్ట్‌వేర్ వాళ్ళం కాబట్టి అసలు విషయం మనకి తెలియాలి. అందులో ఉన్నదీ ఏఎమ్‌డీ వాడి ఎక్స్86 చిప్పే, పీసీల జాతే. తేడా సిలికాన్‌లో లేదు, తాళంలో ఉంది. సోనీ సంతకం లేని కోడ్ అందులో నడవదు.

ఆ తాళం ఏం చేయగలదో పీఎస్3 కొన్నవాళ్ళనడగండి. 2006లో 60 జీబీ మోడల్ 599 డాలర్లు. లినక్స్ వేసుకోవచ్చని సోనీయే చెప్పింది, జనం వేసుకున్నారు. 2010 ఏప్రిల్ 1న 3.21 అప్‌డేట్‌తో ఆ సౌకర్యం పీకేసింది. తేదీ చూసి జోకనుకునేరు, కాదు. అప్‌డేట్ వేసుకుంటే లినక్స్ పోతుంది, వేసుకోకపోతే ఆన్‌లైన్ పోతుంది. డబ్బులిచ్చి కొన్న వస్తువులోంచి ఒక ముక్క, అమ్మినవాడే ఇంట్లోకొచ్చి పట్టుకుపోయాడన్నమాట! అమెరికా వైమానిక దళం వాళ్ళు అదే ఏడాది 1,760 పీఎస్3లతో సూపర్ కంప్యూటర్ కట్టారు. వాళ్ళు గేములాడరు, అప్‌డేట్ అక్కర్లేదు, బతికిపోయారు. మామూలు జనం కోర్టుకెక్కారు, కేసు ఏళ్ళ తరబడి నడిచింది.

"స్టీమ్‌లో కొన్నది మాత్రం నీదా, అదీ లైసెన్సే కదా" అంటారు. నిజమే. కానీ పీసీలో ఆ కొట్టు నచ్చకపోతే ఇంకో కొట్టుంది. జీఓజీలో తాళం లేని గేములే అమ్ముతారు. డిస్క్ డ్రైవ్ లేని పీఎస్5 కొన్నవాడు బేరమాడ్డానికి రెండో కొట్టేదీ?

హాయిగా సోఫాలో కూర్చుని ఆడుకోవాలంటే కన్సోలే కొనుక్కోండి, నాకేం అభ్యంతరం లేదు. "వ్యాల్యూ ఫర్ మనీ" అని మాత్రం నా దగ్గర అనకండి. అలా అనాలనుంటే, జెయిల్‌బ్రేక్ చెయ్యకుండా, సోనీని అడక్కుండా, మీరు రాసిన పదిలైన్ల సీ ప్రోగ్రామొకటి మీ పీఎస్5లో నడిపి చూపించండి. మిగతా వాదన ఆ తర్వాత పెట్టుకుందాం.