నానో మందు రామబాణమేనా?

గురి తప్పని మందును మన పెద్దలు రామబాణం అంటారు. కాన్సరుకు వాడే నానో మందుల గురించి రాసేవారిలో చాలామంది కూడా అదే ధోరణిలో రాస్తున్నారు. మందును అతి చిన్న గుళికలో పెట్టి పంపితే, అది మంచి కణాలను ముట్టుకోకుండా నేరుగా కణితిలోకి పోయి కాన్సరు కణాలనే చంపుతుందని వారి వర్ణన. ఈ వర్ణన మీద నాకు అభ్యంతరం ఉంది. ఆ మందులు పనికిరానివని కాదు. అవి నిజంగా చేసే మేలు వేరు, మనకు చెబుతున్న మేలు వేరు.

అసలు చిక్కు ఏమిటో చూద్దాం. కీమోథెరపీ మందుల్లో చాలా భాగం వేగంగా విభజన చెందే కణాలను దెబ్బతీస్తాయి. కాన్సరు కణాలు అలాంటివే. కాని జుట్టు కుదుళ్ళు, పేగుల లోపలి పొర, ఎముకల మజ్జ - వీటిలోని కణాలు కూడా అలాంటివే కదా! అందుకే రోగికి జుట్టు ఊడుతుంది, నోరు పూస్తుంది, రక్తం తగ్గుతుంది. డాక్సోరూబిసిన్ అనే మందయితే గుండె కండరాన్నే బలహీనపరుస్తుంది.

కాన్సరు కణం తనంతట తానే మందును లోపలికి రానిచ్చేలా చేయడంలో మన ప్రాంతంవారి చెయ్యి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం అనే విటమినుపై పరిశోధనలు నడిపించారు. కణ విభజనకు ఈ విటమిను అవసరం. అచ్చం దానిలా కనిపించే అమినోటెరిన్‌ను ఆయన బృందం తయారుచేసింది. కణం దాన్ని విటమిను అనుకుని లోపలికి తీసుకుంటుంది, అంతటితో దాని విభజన ఆగిపోతుంది. 1947 చివర బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సరు ఉన్న పిల్లలకు దీన్ని ఇచ్చారు. 16 మందిలో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. అయితే ఆ ఉపశమనం తాత్కాలికమని 1948 జూనులో అచ్చయిన వ్యాసం శీర్షికలోనే ఆయన రాశారు. నాకు ఆ శీర్షిక అంటే ఎంతో గౌరవం. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు. అమినోటెరిన్‌కు తోబుట్టువు వంటి మెథోట్రెక్సేట్‌ను డాక్టర్లు నేటికీ వాడుతున్నారు.

ఇక నానో గుళికల సంగతి. మీటరును నూరు కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. డాక్సోరూబిసిన్‌ను సుమారు 100 నానోమీటర్ల కొవ్వు గుళికలో నింపి తయారుచేసిన డాక్సిల్‌కు 1995లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇంత చిన్న గుళిక కణితిలోనే ఎందుకు ఆగాలి? దీనికి 1986లో జపాను శాస్త్రజ్ఞులు మత్సుమురా, మయేదా ఒక కారణం చూపారు. మన కొల్లేరును తలచుకుంటే అది సులభంగా అర్థమవుతుంది. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులన్నీ కొల్లేటిలోకి వస్తాయి, నీరు సముద్రానికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. అది పూడుకుంటే నీరు నిలిచిపోతుంది. (చేపల చెరువుల గట్లు దీనికి తోడైన సంగతి ఏలూరువారికి వేరే చెప్పాలా?) కణితిలోని రక్తనాళాలు తొందర తొందరగా పెరిగినవి కనుక వాటి గోడలకు సందులుంటాయి. గుళికలు వాటిలోంచి జారి లోపలికి వస్తాయి. ద్రవాన్ని బయటికి తోడే శోషరస నాళాలు అక్కడ సరిగా పనిచేయవు కనుక అవి అక్కడే ఉండిపోతాయి.

వినడానికి బాగుంది. కాని నిండిన కొల్లేరు వరదల్లో ఏం చేస్తుంది? వచ్చే ఏరులనే వెనక్కు తంతుంది. కణితి లోపల ద్రవం పేరుకుని ఒత్తిడి పెరిగినప్పుడూ అంతే, మందు లోపలికి పోవడం కష్టమవుతుంది. పైగా ప్రయోగశాల ఎలుకలో కొన్ని వారాల్లో పెరిగే కణితి, మనిషిలో ఏళ్ళ తరబడి పెరిగే కణితి ఒక్కలాంటివి కావు.

2016లో టొరాంటో పరిశోధకులు అంతకుముందు పదేళ్ళ ప్రయోగాలను పరిశీలించి లెక్క తీశారు. శరీరంలోకి ఎక్కించిన నానో రేణువుల్లో కణితికి చేరినవి, మధ్యస్థ విలువగా, 0.7 శాతం! ఎక్కువ భాగాన్ని కాలేయం, ప్లీహం వంటివి పట్టుకుంటాయి. తాడేపల్లిగూడెంలో 1,000 ఉత్తరాలు డబ్బాలో వేస్తే ఏలూరుకు 7 చేరాయనుకోండి. ఆ తపాలాను రామబాణం అంటామా?

అయితే ఉత్తరం చేరడం ఒక ఎత్తు, పడకూడని చేతుల్లో పడకపోవడం మరొక ఎత్తు. ముదిరిన రొమ్ము కాన్సరు రోగుల్లో డాక్సిల్‌ను మామూలు డాక్సోరూబిసిన్‌తో పోల్చి 2004లో ఫలితాలు ప్రకటించారు. కాన్సరును అదుపు చేయడంలో రెండూ దాదాపు సమానమే. గుండెకు మాత్రం డాక్సిల్ వల్ల హాని బాగా తగ్గింది. బదులుగా అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి మండడం ఎక్కువయింది. గుండె దక్కడం చిన్న మేలా? దాన్ని ఆ పేరుతోనే చెప్పవచ్చు. కొల్లేటి లంక గ్రామం నుంచి విజయవాడకో హైదరాబాదుకో బయలుదేరే కుటుంబం ‘నానో’ అన్న మాట విని అప్పు చేయడానికి సిద్ధపడితే, ఆ డబ్బుతో ఏ మేలు కొంటున్నదో దానికి తెలియాలి.

సుబ్బారావుగారు పనిచేసిన విటమిను దారి మూసుకుపోలేదు. కొన్ని అండాశయ కాన్సరు కణాల మీద ఫోలిక్ ఆమ్లాన్ని పట్టుకునే గ్రాహకాలు ఎక్కువగా ఉంటాయి. ఆ విటమినుకే మందును ముడివేసిన విన్టాఫొలైడ్ 2014లో పెద్ద పరీక్షలో నెగ్గలేదు. అదే గ్రాహకాన్ని ప్రతిరక్షకంతో వెదికి పట్టుకునే మరో మందుకు 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. దాని వల్ల కళ్ళకు హాని కలగవచ్చన్న హెచ్చరికను మందు వివరాల కాగితం మీద మొదట్లోనే, గడి కట్టి మరీ అచ్చువేశారు.