స్థలకాలాలకు ఒకే వ్యాకరణం
స్థలాన్ని చెప్పే ప్రత్యయాలతోనే కాలాన్నీ చెప్పడం తెలుగు వ్యాకరణంలోని గొప్ప పొదుపు: ‘విజయవాడ నుంచి గుంటూరు దాకా’ అన్నప్పుడు దూరాన్ని తెలిపిన మాటలే ‘ఉదయం నుంచి సాయంత్రం దాకా’ అన్నప్పుడు వ్యవధిని తెలుపుతాయి, ‘ఇంట్లో’ అన్నప్పుడు చోటును సూచించే ‘లో’ ‘గంటలో’ అన్నప్పుడు గడువును సూచిస్తుంది. అలాగే ‘వస్తాడు’ అనే ఒక్క క్రియారూపం రేపటి రాకనూ, తద్ధర్మం అనే నిత్యపు అలవాటునూ చెబుతుండగా, ‘రేపు’, ‘రోజూ’ వంటి మాటలు ఆ రెండింటినీ వేరుచేస్తాయి. ప్రత్యేక రూపం లేనంత మాత్రాన భాషకు ఆ భావమే లేదనుకోవడం పొరపాటు. రూపం చెప్పనిదాన్ని సందర్భం చెబుతుంది. కాబట్టి బడిలో విభక్తులను వల్లె వేయించడంతో సరిపెట్టక, అవి స్థలకాలాలను ఎలా కలుపుతున్నాయో పిల్లల చేత వారి సొంత వాక్యాల్లోనే గుర్తింపజేయాలి.