ఇల్లు అద్దెకు ఇవ్వబడును

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఈ కాలంలో ఆ సామెతకు మూడవ మాట కూడా చేర్చవలసి ఉన్నది: అద్దెకు ఇల్లు వెదకి చూడు.

విశాఖపట్నానికి ముప్పయి కిలోమీటర్ల లోపున, విజయనగరం జిల్లాలో, కొత్తవలస ఉన్నది. కిరండూల్ పోయే రైలుమార్గం ప్రధాన మార్గం నుండి చీలేది ఇక్కడనే. చుట్టుపట్ల మామిడి, జీడిమామిడి తోటలు. నగరపు అద్దెల భారం మోయలేని గుమాస్తాలు, ఉపాధ్యాయులు, కార్మికులు, విద్యార్థులు ఇటువంటి చోట్ల కాపురముండి, పాసింజరు బండ్లలో విశాఖకు పోయి వస్తుంటారు. మంచి గాలి, చెట్ల నీడ, భరించగల అద్దె. సామాన్యునికి ఇంతకన్న కావలసినదేమి?

బండిలో నీ కులమేది, మతమేది అని ఎవరూ అడగరు. నలుగురు కూర్చునే బల్లపై ఆరుగురు సర్దుకొంటారు. ఒకరి వార్తాపత్రిక పదిమంది చేతులు మారుతుంది. ఆ ప్రయాణికులే బండి దిగి, ఏ ఊరిలోనైనా సరే, "ఇల్లు అద్దెకు ఇవ్వబడును" అన్న బోర్డు చూచి తలుపు తట్టినప్పుడు, మొదటి ప్రశ్న పేరును గురించి వస్తుంది. పేరు వినగానే, అంతవరకు ఖాళీగా ఉన్న వాటా నిన్ననే ఎవరికో మాట ఇచ్చినదై పోతుంది. ఈ అనుభవం ముస్లిములమైన మాకే పరిమితం కాదు. దళిత సోదరులకు, ఒంటరిగా ఉద్యోగం చేసికొనే స్త్రీలకు కూడా ఇది తెలియనిది కాదు.

యజమానికి భయాలు లేవని మేము అనము. అద్దె సకాలంలో అందునా, గోడలు పాడగునా, అడిగినప్పుడు ఇల్లు ఖాళీ చేయుదురా అన్న సందేహాలు సహజమే. అయితే వీటికి సమాధానం వ్రాతపూర్వకమైన ఒప్పందంలోను, ముందుగా తీసికొనే అడ్వాన్సులోను దొరుకుతుంది. పేరులో దొరకదు.

చట్టం ఏమంటున్నది? రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, రహదారుల విషయంలో కుల మత భేదాలు చూపరాదని శాసించినది. ఆ జాబితాలో అద్దె ఇల్లు లేదు. అహమ్మదాబాదులోని ఒక పార్శీ గృహనిర్మాణ సంఘం తన సభ్యత్వాన్ని పార్శీలకే పరిమితం చేసికొనవచ్చునని 2005లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కనుక న్యాయస్థానం మెట్లెక్కుటకన్న యజమానుల మనస్సును ఒప్పించుటయే మనకు దగ్గరి దారి.

శ్రీకాకుళంలోని జుమ్మా మసీదు 17వ శతాబ్దిలో, గోల్కొండ ఏలుబడి నాడు వెలసినది. విజయనగరంలో ఖాదర్ బాబా దర్గాకు అన్ని మతాలవారు వచ్చి మ్రొక్కుతారు. తరతరాలుగా ఈ నేలపై కలిసి బ్రతికినవారికి ఒక ప్రహరీలో రెండు వాటాలు పంచుకొనుట అసాధ్యమా?

విద్యార్థి మిత్రులారా! రేపు మనలో కొందరు ఇండ్లు కట్టుదురు. అందులో ముస్లిములుందురు, హిందువులుందురు, క్రైస్తవులుందురు. ఆనాడు మన గుమ్మం ముందు నిలిచినవానిని మూడు ప్రశ్నలే అడుగుదము: ఎందరుందురు, అద్దె ఎంత ఇవ్వగలరు, ఎప్పుడు దిగుదురు? నాలుగవ ప్రశ్న మనకు అనవసరం. మన వాకిట వేపచెట్టు ఆ ప్రశ్న అడగకనే నీడనిస్తున్నది.